కొంగు మీది సంచి పురుగు

ఇనుప గనులున్న బచేలి నుంచి వస్తున్న బస్సులో, పక్కనున్న పెద్దావిడ కొంగు మీద పుల్లలు అతికించుకున్న చిన్న గూడొకటి పాకుతోంది.

"సంచి పురుగమ్మా. పెరిగితే చిమ్మట అవుతుంది," అన్నాను. "మగదైతే రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. ఆడదానికి రెక్కలు రావు. ఆ గూట్లోనే గుడ్లు పెట్టి చచ్చిపోతుంది."

ఆమె కొంగు పైకెత్తి ఆ గూటిని దగ్గరగా చూసింది.

"మా అత్త గూడ గంతే బిడ్డా. గని కోసం ఊరు ఖాళీ చెయ్యమన్నరు. అందరం ఎల్లినం. ఆమె ఇల్లు ఇడువలే. ఆడనే పానం ఇడిచింది."

పురుగును కిటికీలోంచి విసిరేస్తుందనుకున్నాను. అరచేతిలోకి తీసుకుంది. "ఆకు లేకుంటే చస్తది. చెట్టు మీద పెట్టాలె," అంటూ తన ఊరు రాకముందే బస్సు ఆపించి దిగింది.

రోడ్డు పొడవునా నరికిన మొదళ్లే. బస్సు కదిలాక వెనక్కి చూశాను. ఎర్రదుమ్ములో ఆమె చెట్టు కోసం వెతుకుతూ నడుస్తోంది.