ఒక్కపొద్దుల పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ మొన్న శనివారం చనిపోయింది. నేను వికారాబాద్ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. దిగి వెనక్కి వచ్చేసరికి వాకిట్లో చేరినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఒక్కపొద్దు నాడే పానం ఇడిసింది. పుణ్యాత్మురాలు." ఒక్కపొద్దంటే మా వైపు దేవుడి పేరు మీద ఉండే ఉపవాసం. ఆ మాట అన్నవాళ్లలో ఎక్కువమంది పొద్దున్నే కడుపునిండా తిని వచ్చినవాళ్లు.

మాది తాండూరు నుంచి కరణ్‌కోట పోయే దారిలో ఊరు. మా అమ్మ బండల పాలిషింగ్‌కు పోతే నన్ను చూసుకున్నది పెద్దమ్మే. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. పరాయి చేలలో కంది కోసి వచ్చి, కొంగులోంచి నాలుగు పచ్చికాయలు తీసి, ఉడకేసి నాకు పెట్టేది. తాండూరు కందిపప్పుకు దేశమంతా పేరు. కోసిన మనిషి కుండలోకి రావడానికే దానికి తీరిక ఉండదు.

కొడుకూ కోడలూ పోయాక మనవరాలిని ఆమే పెంచింది. పిల్ల పేరు రేషన్ కార్డులోకి ఎక్కలేదు. అడిగిన ప్రతిసారీ ఆఫీసువాళ్లు "పైకి పంపినం" అనేవారు. ఆ పైన ఎవరుంటారో, వాళ్లు రోజూ ఏం తింటారో ఎవరూ చెప్పలేదు. ఒక్కరి బియ్యంతో ఇద్దరు బతకాలి. అయినా పెద్దమ్మ పొయ్యి రోజూ వెలిగేది. కుండలో ఒట్టి నీళ్లున్నా సరే, బయటికి పొగ రావాలి. "కుండకు మూత ఉన్నట్టు ఇంటికి గూడ ఉండాలె బిడ్డా" అనేది.

డిగ్రీ అయ్యాక నేను వికారాబాద్‌లో ఒక సంస్థలో సర్వే పనికి చేరాను. తిండికి ఇబ్బంది ఉన్న ఇళ్లకు నెలనెలా పప్పు, నూనె, గుడ్లు ఇస్తారు. ఏ ఇంటికి ఇవ్వాలో నా చేతిలోని ట్యాబ్ తేల్చేది. పెద్దమ్మ ఇంటికీ వెళ్లి అడిగాను, పోయిన నెలలో తిండి లేక పూట మానేశారా అని. ఆమె నా చేతిలో జొన్నరొట్టె పెట్టి, ఎదురుగా కూర్చుని నవ్వింది.

"తిండి లేకెందుకు మానేస్త బిడ్డా? ఒక్కపొద్దులుంట. సోమారం శివునికి, శనారం ఎంకన్నకు, శుక్రారం దర్గాకు."

"ఇవాళ బుధవారమే గద పెద్దమ్మా. నువ్వు గూడ తిను."

"ఇయ్యాల ఏకాశి."

అది ఏకాదశో కాదో నేను చూడలేదు. రొట్టె నములుతూనే 'ఉపవాసం: మొక్కు' అన్న గడి మీద వేలు పెట్టి నొక్కాను. అంతే, ఆ ఇల్లు జాబితాలోంచి పోయింది. నా చదువుకు అంతకుమించి తెలివి అబ్బలేదు.

కొన్నాళ్లకు మనవరాలే చెప్పింది. "అక్కా, మా నాయనమ్మ దేవుళ్లంత ఇరవై తారీఖు దాటినంకనే వస్తరు. బియ్యం దెచ్చిన వారం ఒక్కడు గూడ రాడు."

పరుగున పోయి పెద్దమ్మను నిలదీశాను. ఆమెకు కోపం వచ్చింది. "దేవునికని చెప్పుకుంటే భక్తి. లేదని చెప్పుకుంటే సిగ్గు. నువ్వు నా ఇంట్ల తిన్న పిల్లవు. నీకు లేదని ఎట్ల జెప్త?"

జాబితా దిద్దమని మా సార్‌ను అడగబోతే, ఆయన అనంతగిరి గుట్టల్లో ఒక రిసార్టులో ఉన్నారు. ఆకలి మీద సమావేశం. భోజనాల్లో మూడు రకాల స్వీట్లు. "ఉపవాసం అనేది కల్చర్ అమ్మా, దాన్ని ఆకలి అనలేం. పైగా డేటా లాక్ అయింది" అని ఆయన మూతికి అంటిన పాకం తుడుచుకున్నారు. మా ఊరు ఆకలి లేని ఊరని రిపోర్టు అచ్చయింది. అట్ట మీద పెద్దమ్మ నవ్వుతూ ఉంది. ఆ ఫోటో తీసింది నేనే. ఆ ఉద్యోగం ఇప్పటికీ చేస్తున్నాను కాబట్టి, సార్ మీద ఎంత అసహ్యమో నా మీద కూడా అంతే.

తర్వాత నేనే గిన్నెలో పప్పు తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. పెద్దమ్మ ఆ గిన్నెను ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. చింతచిగురో, రెండు పచ్చిమిరపకాయలో వేసి ఇచ్చేది. నాకు పరువు అనే మాట తెలిసింది ఆ గిన్నె వల్లనే. ఆమె చనిపోయిన శనివారం సాయంత్రం సార్ మా గ్రూపులో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి 'గొప్ప భక్తురాలు' అని రాశారు. అందరూ దండాలు పెట్టారు.

మూడో రోజు పిట్టకు పెట్టారు; పోయిన మనిషే కాకై వచ్చి తింటుందని నమ్మకం. విస్తరిలో అన్నం, గట్టి పప్పు, కోడికూర. బతికుండగా ఆమె ముందు ఇవన్నీ ఒక్కసారి పెట్టినవాడు లేడు. పిట్ట ముట్టేదాకా ఇంకెవరూ తినకూడదు. కాకులేమో తుమ్మచెట్టు మీంచి దిగలేదు.

"మనసుల ఏదో ఉండె పాపం" అన్నాడొక పెద్దమనిషి.

"సోమారం గద, ఒక్కపొద్దు" అంది ఇంకొకామె.

మనవరాలు లేచి వచ్చి విస్తరి ముందు కూర్చుంది. అన్నంలో పప్పు కలిపింది.

"ఏందే, పిట్ట ముట్టకముందే?" అని అరిచారు.

"నేను తిన్నంకనే నాయనమ్మ తింటది. ఎప్పుడు గంతే" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

పిల్ల నిదానంగా తింటోంది. మధ్యమధ్యలో చెట్టు వైపు చూస్తూ, విస్తరిలో సగం అన్నం ఒక పక్కకు జరిపి ఉంచింది.