ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

అంబులెన్స్ కాల్ సెంటర్‌లో ఆమెను అందరూ ఫ్రిజ్జక్క అనేవారు. కోప్పడుతుందేమోనని కొన్నాళ్ళు చాటుగా అన్నారు కానీ, ఆ పేరు చెవిన పడ్డాక ఆమె లోలోపల మురిసిపోయిందే తప్ప మూతి ముడుచుకోలేదు. ఫోన్ అవతల మనిషి గుండెలు బాదుకుంటున్నా, గోల గోలగా నలుగురూ ఒకేసారి అరుస్తున్నా, ఈవిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "చెప్పండి, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?" అని అడిగేది. ఆ గొంతు వింటే సగం ప్రాణం లేచొస్తుందని జనం చెప్పుకునేవారు. మిగతా సగం సంగతి అంబులెన్స్ వాళ్ళు చూసుకునేవారు.

ఆ ఉద్యోగంలో ఒక చిత్రమైన బాధ ఉంది. కథకు మొదలే తప్ప చివర ఎవరికీ తెలియదు. బాత్రూంలో కుప్పకూలిన భార్య ఛాతీని ఒక ముసలాయన చేత నొక్కిస్తూ, ఆయనతో పాటు అంకెలు లెక్కపెడుతూ ఉంటారు. తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపిస్తుంది, అంబులెన్స్ వాళ్ళ మాటలు వినిపిస్తాయి, లైన్ కట్ అవుతుంది. ఆవిడ బతికిందా, లేదా? వచ్చి చెప్పే నాథుడు ఉండడు. ఈలోగా ఇంకో అరుపు చెవిలో పడుతుంది. అందుకే అక్కడ ఒక పద్ధతి పెట్టారు. బరువైన కాల్ అయ్యాక హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలించాలి, ముఖం కడుక్కోవాలి, పక్కనున్న కిటికీల గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చోవాలి. దాన్ని గాలిగది అనేవారు. అందులో ఫోన్ ఉండదు, టీవీ ఉండదు. వాలు కుర్చీలు, కిటికీలోంచి రోడ్డవతల ఒక మైదానం, అంతే.

ఫ్రిజ్జక్క దానికి ఏడుపుగది అని పేరు పెట్టింది. "మీరెళ్ళి ఏడ్చి రండి, ఈలోపు నేను చూసుకుంటా" అంటూ తోటివాళ్ళ కాల్స్ కూడా తనే లాక్కునేది. భోజనం డబ్బా కీబోర్డు పక్కనే తెరుచుకునేది. ఏం తిన్నావని అడిగితే మూత తీసి చూసి చెప్పాల్సిందే. టీ మీద టీ తాగేది. ఎవరికి సెలవు కావాలన్నా వాళ్ళ షిఫ్టు కూడా తన నెత్తినే వేసుకునేది. ఒళ్ళు హూనమైతేనే పని చేసినట్టు లెక్క అనుకునే రకం మనుషులు ఉంటారు, వాళ్ళకి దండ వేసి కూర్చోబెట్టే పైవాళ్ళూ ఉంటారు. ఈవిడకి రెండో రకం వాళ్ళు దొరికారు. ఇంకేం, పండగే.

ఆ రోజు షిఫ్టు దిగి ఇంటికొచ్చి, కాలి బూట్లయినా విప్పకుండా హాల్లో కుర్చీలో కూలబడింది. ఆరో తరగతి చదివే కూతురు వంటింట్లో కెటిల్‌తో నీళ్ళు కాచుకుంటోంది. ఆ తర్వాత జరిగింది ఆమెకు స్పష్టంగా గుర్తుంది. కెటిల్ కింద పడింది. పిల్ల కెవ్వుమంది. తను పరుగెత్తుకెళ్ళింది. పిల్ల చేతిని కుళాయి ధార కింద పెట్టింది. మణికట్టుకున్న వాచీ తీయించింది. ఐసు పెట్టొద్దని, టూత్‌పేస్టు పూయొద్దని, భయపడొద్దని చెప్పింది. అంతలో భర్త వచ్చాడు. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, చేతిలో ఇంకా స్క్రూడ్రైవర్ ఉంది. ముగ్గురూ ట్యాక్సీ ఎక్కి ఆస్పత్రికి వెళ్ళారు.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది.

"భయం లేదు, పైపైనే కాలింది. వెంటనే నీళ్ళ కింద పెట్టి చాలాసేపు ఉంచారు, అదే కాపాడింది. ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టుకున్నా," అంది పిల్ల. "అమ్మ ఫోన్లో చెప్పింది."

"ఓహో, అప్పుడు అమ్మ ఆఫీసులో ఉందా?"

"లేదండీ. ఇంట్లోనే. హాల్లో ఉంది."

డాక్టరమ్మ నవ్వింది. ఫ్రిజ్జక్క కూడా నవ్వి, "నొప్పికి ఏదేదో మాట్లాడుతోందండీ" అంది. భర్త మాత్రం నవ్వలేదు. కట్టు కట్టడానికి పిల్లను లోపలికి తీసుకెళ్ళాక, ఆమెను వరండాలోకి పిలిచాడు.

"అది ఏదేదో మాట్లాడలేదు," అన్నాడు. "నేను తలుపు తీసేసరికి నువ్వు కుర్చీలో ఉన్నావు. గోడకేసి చూస్తూ ఫోన్లో మాట్లాడినట్టు మాట్లాడుతున్నావు. అది వంటింట్లోంచి అరిచి నీకు జవాబులు చెప్తోంది."

"ఏమంటున్నారండీ? నేను దాని పక్కనే ఉన్నా. చెయ్యి పట్టుకుని నీళ్ళ కింద పెట్టింది నేనేగా."

"నీ చేతులు చూసుకో."

చూసుకుంది. యూనిఫాం చొక్కా చేతులు మణికట్టు దాకా, గుండీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎక్కడా చుక్క తడి లేదు. ట్యాక్సీలో పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న భర్త చొక్కా మాత్రం తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. తను ముందు సీట్లో కూర్చుని దారి చెప్పింది. ఆమె తన చేతులను మళ్ళీ మళ్ళీ తడుముకుంది.

"ఏమన్నాను నేను?"

"చెప్పండి, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు అన్నావు. మన పిల్లని పట్టుకుని 'అండీ' అన్నావు." "అది అడ్రస్ చెప్పింది. డోర్ నంబరు, వీధి, పక్కన మందుల షాపు, అన్నీ చెప్పింది. చెయ్యి కాలి ఏడుస్తూ మన ఇంటి అడ్రస్ నీకు చెప్పింది. నువ్వు థాంక్యూ అన్నావు. లైన్లోనే ఉండండి అన్నావు. కుర్చీ చెయ్యి మీద నీ వేళ్ళు టైపు కొడుతున్నాయి. నేను భుజం పట్టుకుని ఊపితే గానీ లేవలేదు."

ఆమెకు అబద్ధమని అరవాలనిపించింది. పరుగెత్తినట్టు గుర్తుందే, పిల్ల చేతి చర్మం వేళ్ళకి తగిలినట్టు గుర్తుందే. అదంతా తల కల్పించి చూపించిన బొమ్మా? మనిషికి తన సొంత కళ్ళ మీద నమ్మకం పోతే ఇంకేం మిగులుతుంది? బెంచీ మీద అలాగే చతికిలబడింది.

అటుగా పోతున్న నర్సు ఆమె ముఖం చూసి ఆగింది. బీపీ పట్టీ చుట్టింది. మీటరు చూసి, నమ్మకం కుదరక రెండో చేతికి కూడా చుట్టింది. "ఇక్కడి నుంచి లేవకండి" అని చెప్పి డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. చివరికి కట్టు కట్టించుకున్న పిల్ల కుర్చీలో కాళ్ళూపుతూ కూర్చుంటే, చూపించడానికి తీసుకొచ్చిన తల్లి మంచం మీద పడుకుంది. భర్త ఎవరి దగ్గర నిలబడాలో తెలియక ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"ఎప్పటి నుంచి మాట్లాడుతున్నాను నీతో అలా?" అని ఆమె పిల్లను అడిగింది.

"తెలీదు. చాలా రోజులైంది. ముందు ఎక్కడున్నానో, ఏమైందో వరసగా చెప్తే నువ్వు వింటావు. ఊరికే అమ్మా అంటే వినవు."

అందులో నిష్ఠూరం లేదు. ఫలానా చోట బస్సు ఆగుతుంది, ఫలానా చోట ఆగదు అన్నంత మామూలుగా చెప్పింది. అంత మామూలుగా చెప్పినందుకే ఆమె నిలువునా నీరైపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ ఊరందరి అరుపులకీ పలికింది, ఇంట్లో పిల్ల మాత్రం తల్లి దగ్గర క్యూలో నిలబడటం నేర్చుకుంది. ఇలాగే ఇంకొన్నాళ్ళు గడిస్తే అది అడ్రస్ చెప్పడం కూడా మానేస్తుంది. ఆ రాత్రి మాత్రలు మింగుతున్నప్పుడు ఆమెను భయపెట్టింది బీపీ కాదు, అదే.

డాక్టరమ్మ సెలవు రాసింది, మనసు డాక్టరు దగ్గరికి కూడా పంపింది. "మాత్ర రక్తపోటును దించుతుంది గానీ మీ బదులు నిద్రపోదు, మీ బదులు నడవదు" అని నవ్వుతూనే మందలించింది.

సెలవు అయిపోయి పనిలో చేరాక, మొదటి బరువైన కాల్‌కి ఫ్రిజ్జక్క హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలించింది. ఆఫీసంతా తలలు తిప్పి చూసింది. గాలిగదిలో తాతగారు ఉన్నారు. తల ముగ్గుబుట్టయినందుకు కుర్రాళ్ళు పెట్టిన పేరు అది, ఆయన కూడా కాల్స్ తీసుకునే మనిషే. తీరిగ్గా నారింజ తొక్క తీస్తున్నారు.

"ఇక్కడేం చెయ్యాలండీ?" అని అడిగింది.

"ఏమీ చెయ్యకూడదు."

"అదెలా చెయ్యాలి?"

తాతగారు పడీ పడీ నవ్వారు. "ఈ తొక్క తీసినంతసేపూ నాకు ఎవరి అరుపూ వినపడదమ్మా. నువ్వు కూడా ఏదో ఒకటి వెతుక్కో. ఇదే కావాలని లేదు."

వెతుక్కుంది. గాలిగదిలో మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు, తర్వాత నిద్ర ముంచుకొచ్చేది. మైదానంలో ఎవరో కుక్కను తిప్పుతుంటే అది కనపడకుండా పోయే దాకా చూడటం అలవాటైంది. భోజనం డబ్బా కిటికీ దగ్గర తెరిచింది. మొదటిరోజు కూరలో ఉప్పు లేదని తెలిసింది. ఎన్నేళ్ళుగా లేదో పాపం. సాయంత్రం టీ బదులు నీళ్ళు తాగింది, తలనొప్పికి రెండు రోజులు అందరినీ కరిచింది. ఒక స్టాపు ముందే బస్సు దిగి నడిచింది. నడుస్తుంటే ఆ రోజు విన్న గొంతులన్నీ వెంటపడేవి, వీధి మలుపు తిరిగే సరికి కొన్ని వెనకబడేవి. పడుకునేటప్పుడు ఫోను బూట్ల అరలో పెట్టేది. ఇంటికి రాగానే చేతులు కడుక్కుని, పిల్ల ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి తల మీద చెయ్యి వేసేది, ఆ తర్వాతే నోరు విప్పేది. ఇది తనకు తను పెట్టుకున్న నియమం.

"రోజూ తల తడుముతున్నావు, పేలు చూస్తున్నావా ఏంటి?" అన్నాడు భర్త.

మధ్యలో ఒకసారి జారింది. తోటి ఉద్యోగికి జ్వరమొస్తే పాత పౌరుషం తన్నుకొచ్చి రెండో షిఫ్టుకి కూడా కూర్చుంది. ఇల్లు చేరి కుర్చీలో పడీ పడకముందే లోపలి నుంచి వినిపించింది: "అమ్మా, వంటింట్లో ఉన్నాను. దెబ్బలేం తగల్లేదు. ఆకలేస్తోంది." తల్లి ముఖం చూడకుండానే, తలుపు చప్పుడును బట్టే పాత అమ్మే వచ్చిందని పిల్ల కనిపెట్టేసిందన్నమాట. మర్నాడు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి ఇక ఎవరి షిఫ్టూ తీసుకోనని చెప్పేసింది.

"నువ్వే ఇలా అంటే ఎలా?" అన్నాడాయన.

"నేనే అనాలి సార్," అంది.

నెలలు గడిచాయి. బీపీ దిగింది. నిద్ర పట్టింది. కాల్స్‌లో గొంతు ఎప్పటిలాగే నిలకడగా ఉంది, దాన్ని ఇంటికి మోసుకురావడం మాత్రం తగ్గింది. కానీ పిల్ల మారలేదు. అడిగినదానికి వరసగా, మర్యాదగా, క్లుప్తంగా జవాబు చెప్పేది. అలగదు, మారాం చెయ్యదు, విసుక్కోదు. ఎంత బుద్ధిమంతురాలో అని పక్కింటావిడ మెచ్చుకుంటే, తల్లి మాట మార్చేసేది.

ఒక ఆదివారం ఇల్లు సర్దుతూ, పిల్ల బల్ల కింద ఎండిపోయి పగిలిన బంకమట్టి బొమ్మలు కనిపిస్తే చెత్తబుట్టలో వేసింది. కాసేపటికి పిల్ల గదిలోంచి వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"విరిగిపోయినవేగా..."

"విరిగితే నీకేంటి? ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు, ఇప్పుడొచ్చి నా వస్తువులు పారేస్తావా? నువ్వంటే నాకు ఇష్టం లేదు. పో, ఆఫీసుకే పో."

ఆమె గొంతులోకి ఆ చల్లటి స్వరం ఎగదన్నింది. నాలుక చివర 'చెప్పండి' ఉంది. దాన్ని గుటక వేసి మింగింది. మింగాక నోట్లో ఇంకేమీ మిగలక, పట్టరాని కోపంతో అరిచింది. "ఎందుకు పోతాను? నా ఇల్లు ఇది. చెత్తంతా పోగేసి పెట్టి, తీస్తే నా మీద ఎగురుతావా?"

ఇద్దరి అరుపులకీ భర్త పరుగెత్తుకొచ్చాడు. ఆ ఇంట్లో అంత గొంతు లేచి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు. గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

పిల్ల తల్లి పొట్ట మీద రెండు పిడికిళ్ళతో గుద్దింది. ఇంకోసారి గుద్దింది. "ఆ రోజు మండింది," అంది వెక్కుతూ. "చాలా మండింది. నేను పిలిచాను. నువ్వు రాలేదు."

ఇన్నేళ్ళుగా ఎంతమందికో ఏం చెయ్యాలో చెప్పిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. దొరికినదల్లా నిజమే.

"రాలేదు," అంది. "రాలేదమ్మా."

పిల్ల కొడుతూనే ఉంది. ఆమె కొట్టించుకుంటూ అక్కడే నిలబడింది.