తలకిందుల జెండా

యుద్ధం ఆగినా మిల్లు గేటుకి తాళం అలాగే వేలాడుతోంది. పత్తి పండేదంతా సరిహద్దుకి అవతల, నిన్నటి శత్రుదేశంలో. ఇక్కడ నోట్లకి చిత్తుకాగితాల విలువ కూడా లేదు. అక్కడ దూది కొనే దిక్కులేక గోదాముల్లో ముక్కిపోతోంది. చివరికి రెండు ప్రభుత్వాలూ చెరో మెట్టు దిగి, దూదికి బదులు నూలు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం మాట్లాడుకుందామన్నాయి. ఆ మాటలు మిల్లు క్యాంటీన్‌లోనే.

కుదిరితే మిల్లు తెరుస్తారు. కుదరకపోతే మిషన్ పిన్ని మొగుడు, మిల్లులో ఫిట్టరు, మూటాముల్లె సర్దుకోవాల్సిందే. మిషన్ పిన్ని ఊరందరికీ బట్టలు కుడుతుంది. ముసలివాళ్లు కూడా ఆవిడని పిన్నీ అనే పిలుస్తారు. వచ్చేవాళ్ల జెండా కుట్టే పని ఆవిడ మీదే పడింది.

"వాళ్ల జెండా కుట్టడానికి నీకు చేతులెలా ఆడుతున్నాయే?" అన్నాడు ఫిట్టరు, యుద్ధంలో దెబ్బతిన్న కాలు చాపుకుని.

"పొయ్యి వెలగాలిగా, అందుకే ఆడుతున్నాయి. ఆ కత్తెర ఇటివ్వు" అంది పిన్ని.

సగం తెలుపు, సగం ఊదా. కర్ర దూర్చడానికి పై అంచు మడిచి కుట్టింది. గోడకి తగిలిస్తే మేనేజరు, గుమాస్తా, కాపలావాడు ముగ్గురూ అచ్చుగుద్దినట్టుందని మెచ్చుకున్నారు. పిన్ని ఉబ్బితబ్బిబ్బయింది.

అతిథులు వచ్చారు. ముందు నడుస్తున్న పొడుగాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన కోటుకి చిన్న బిళ్ల ఉంది. అందులో ఊదా పైన, తెలుపు కింద. గోడ మీద తెలుపు పైన!

పిన్నికి అప్పుడు తట్టింది. ఈ ఊళ్లో ఎవరైనా ఆ జెండాని చూసింది యుద్ధకాలపు పోస్టర్లలోనే. అవమానించడానికని ఏ పోస్టరులో చూసినా దాన్ని తలకిందులుగానే వేశారు. చూసిచూసి అదే సరైనదని అందరి కళ్లకీ అలవాటైపోయింది.

పిన్ని ముందుకొచ్చి అతిథులతో వచ్చిన దుబాసీ అమ్మాయితో చెప్పింది. "తప్పు నాదేనమ్మా. కావాలని చేసింది కాదు. మా గోడల మీద మీ జెండా ఎప్పుడూ ఇలాగే ఉండేది. ఉన్నమాట ఉన్నట్టు చెప్పు."

అమ్మాయి చెప్పింది. పొడుగాయన ముఖం గంటు పెట్టుకుని జెండా వైపు చూశాడు. ఆయన ఏదో అడిగాడు.

"విప్పి కుట్టడానికి ఎంతసేపు పడుతుందంటున్నారు" అంది అమ్మాయి.

"మీరు టీ తాగేలోపు!"

ఆయన కుర్చీ లాక్కుని పిన్ని ఎదుట కూర్చుని, గోడ నుంచి దించిన గుడ్డ రెండో కొస బిగించి పట్టుకున్నాడు. ఆవిడ కుట్లు విప్పుతుంటే, మేనేజరుతో దూది మాటలు అక్కణ్ణుంచే మొదలుపెట్టాడు. బేరం గట్టిగానే సాగింది. మధ్యలో రెండుసార్లు గొంతులు లేచాయి కూడా. అయినా ఆయన గుడ్డ కొస వదల్లేదు. పిన్ని దారం కొరికేసరికి మొదటి విడత దూదికి ఇద్దరూ సరేననుకున్నారు. పిన్నికి ఏడుపొచ్చినంత పనైంది.

జెండా మళ్లీ తగిలించాలి. గుమ్మం బయటే బిగుసుకుని నిలబడ్డ ఫిట్టరు కుంటుకుంటూ లోపలికొచ్చాడు. ఎవరూ అడక్కుండానే పిన్ని చేతిలోంచి జెండా అందుకుని స్టూలెక్కాడు. తగిలించి, వెనక్కి తిరిగి, నేరుగా ఆ పొడుగాయన్నే అడిగాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉందాండీ?"