ముల్లు లేని గాలం

నా చిన్నప్పుడు ఫరీదాబాదులో మా ఇంటి వెనక వరండా నిండా వెదురు పొట్టు ఉండేది. మా పెదనాన్న ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగి. రోజూ రైల్లో వెళ్లొచ్చి, టీ తాగి, పంచె కట్టుకుని ఆ వరండాలో కూర్చునేవారు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం, కొండల్లో ట్రౌట్ చేపలు పట్టడానికి వెదురు గాలం కర్రలు తన చేత్తో చేసుకోవడం. ఏటా వేసవిలో సెలవు పెట్టి, మా వీధిలోనే ఉండే పంజాబీ అంకుల్‌తో కలిసి కులూ వైపు నదులకు వెళ్లేవారు.

నాకు ఉబ్బసం. అసలే ఫ్యాక్టరీల పొగ, దానికి తోడు మే నెల దుమ్ము లేచిందంటే ఊపిరి అందేది కాదు. అందుకని నన్ను బడికి పంపకుండా అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. ఆ చదువులో సగం వరండాలోనే సాగింది. పొట్టు ముక్కులోకి పోకుండా అమ్మ నా మూతికి తడిగుడ్డ కట్టేది, నేను పెదనాన్న పక్కన చేరేదాన్ని. వెదురును నిలువునా చీల్చి, ఒక్కో బద్దను మూడంచులు తేలేలా చిత్రిక పట్టాలి. అలాంటి ఆరు బద్దలను జిగురుతో అతికించి దారం చుట్టి ఆరబెడితే ఒక కర్ర అవుతుంది. వెదురు పైపొర ఎప్పుడూ బయటికే ఉండాలి, బలమంతా అందులోనే ఉంటుంది. కోణాలంటే ఏమిటో నాకు పుస్తకం కంటే ముందు వేళ్లకే తెలిసింది. కొక్కెం కనిపించకుండా కోడి ఈకలు, పట్టుదారం చుట్టి, నీటి మీద వాలే ఈగలా తయారు చేయడం కూడా ఆయనే నేర్పారు. అలా కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్లు ఎందరికి దొరుకుతారు?

మా నాయనమ్మకు ఈ వ్యవహారమంతా గిట్టేది కాదు. పెదనాన్న చేపలు తినరు, పట్టి మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. అయినా ఆవిడ ఊరుకునేది కాదు. “వదిలేస్తే మాత్రం? ముందు దాని నోట్లో ముల్లు గుచ్చావా లేదా?” అని నిలదీసేది. ఆయన నవ్వేసి చిత్రిక పట్టుకుంటూ ఉండేవారు.

ఒక వేసవిలో, డాక్టరు కొండగాలి మంచిదన్నాడని, నన్నూ తీసుకెళ్లారు. ఇద్దరం కలిసి చేసిన కర్ర ఒకటి నా కోసమని పట్టుకొచ్చారు. మొదటి రోజు నది ఒడ్డున గడ్డి మీద నేను పరిగెత్తాను. అంతకుముందు పరిగెత్తిన గుర్తే లేదు నాకు. గుండెల నిండా గాలి పోతుంటే, అందరూ ఇన్నాళ్లూ ఇలాగే బతుకుతున్నారా అని ఆశ్చర్యం వేసింది. అది దేవుడు నాకిచ్చిన బహుమానాల్లో ఒకటి. అందులో సందేహం లేదు.

ఆ సాయంత్రమే అడిగాను, వచ్చే ఏడు కూడా తీసుకొస్తారా అని. పెదనాన్న కాసేపు ఆలోచించి ఒప్పందం పెట్టారు. “వెళ్లేలోగా ఒక్క చేప పట్టు, వచ్చే ఏడూ తీసుకొస్తా. పట్టలేకపోయావనుకో, ఇక అడక్కూడదు. సరేనా?”

సరేనన్నాను. ఎందుకనను? ఆ కర్ర నా చేతికి బాగా అలవాటు.

ఆ తరవాతి రోజులన్నీ మోకాటి లోతు మంచునీళ్లలో నిలబడ్డాను. దారం గాలిలో చాపి, పెదనాన్న చూపించిన రాయి పక్కన ఈగను మెల్లగా వాల్చేదాన్ని. చేపలు రాలేదని కాదు. వచ్చేవి. నీరు బుడుంగుమనేది, కర్ర కొస వంగేది, ఒక్క క్షణం అవతల ప్రాణం ఉన్నట్టు చేతికి తెలిసేది. అంతలోనే దారం వదులైపోయేది.

“అరే బిటియా, మఛ్లీ కో పప్పీ దే రహీ హో క్యా? ఖీంచో!” అని కేకలేసేవారు పంజాబీ అంకుల్. చేపకు ముద్దులు పెడుతున్నానట, లాగమని. పెదనాన్న దగ్గరికొచ్చి నా మణికట్టు సరిచేసేవారు. “కాస్త ఆలస్యం చేశావమ్మా” అనేవారు ఒకసారి. “తొందరపడ్డావు” అనేవారు ఇంకోసారి. చివరి రోజు మధ్యాహ్నానికి నా కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి. అంకుల్ “ఏక్ ఔర్ బార్!” అని, ఇంకొక్కసారి వేయమని అంటూనే ఉన్నారు. ఎండ కొండ మీదికి ఎక్కేసింది. నాకు చేతకాదని, నా చేతులే నన్ను మోసం చేశాయని నమ్మేశాను.

బసకు వచ్చాక, దారానికున్న ఈగను విప్పి డబ్బీలో పెట్టబోతూ బొటనవేలితో తడిమాను. గుచ్చుకోలేదు. ఈకలు విడదీసి చూస్తే కొక్కెం ఉంది, కొసన ఉండాల్సిన ముల్లు లేదు. పట్టకారుతో తుంచేసిన గుర్తు మెరుస్తోంది. మా డాబా మీద నాకు విసరడం నేర్పేటప్పుడు, పక్కింటివాళ్లు ఆరేసిన బట్టలకు తగులుకోకుండా ఆయన అలాగే తుంచేవారు. పొరపాటున అది వచ్చిందేమోననుకుని నా డబ్బీలోని ఈగలన్నీ అరచేతిలో పోసుకున్నాను. దేనికీ ముల్లు లేదు.

బస వరండాలో ఇద్దరూ టీ తాగుతున్నారు. నేను అరచేయి చాపాను. అంకుల్ ఏమీ అడగకుండా నది వైపు తిరిగి కూర్చున్నారు. ఆయనకూ తెలుసన్నమాట.

“మీ నాయనమ్మకు మాటిచ్చానమ్మా, పిల్ల చేత జీవహింస చేయించనని” అన్నారు పెదనాన్న. “అయినా చేపలు నీ ఈగను నిజమనుకుని వచ్చాయి కదా. అంతకంటే ఏం కావాలి?”

“మరి ఆ ఒప్పందం ఎందుకు పెట్టారు?”

“లేకపోతే నువ్వు ఊరుకుంటావా?” అని నవ్వారు. “ఏటా నిన్ను తీసుకురావడం నాకు కుదరదు, వద్దంటే దారంతా ఏడుస్తావు. ఇప్పుడు చూడు, హాయిగా ఆడుకున్నావు.”

నేను ఏడవలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు మైదానంలోకి దిగుతుంటే ఊపిరి మళ్లీ బిగుసుకోవడం మొదలైంది. మరుసటి వేసవిలో వాళ్లిద్దరూ వెళ్లారు. అడగకూడదన్నది ఒప్పందం కదా, నేను అడగలేదు. ఆయనా పిలవలేదు. ఆ దుమ్ములోనే పెరిగి పెద్దదాన్నయ్యాను.

ఆయన చెడ్డవారు కారు. తల్లికిచ్చిన మాట తప్పలేదు, పిల్లనూ సంతోషపెట్టాననుకున్నారు. ఇద్దరికీ మంచివాడు కావడానికి, చేతకానితనం నా మీద పెట్టారు. ఆ సంగతి ఆయనకు చివరిదాకా తట్టలేదు.

ఇప్పుడు నోయిడాలో మా ఇంట్లో పిల్లలకు వద్దనాలంటే వద్దనే అంటాను. మొన్న మా మనవరాలు స్నేహితులతో ఊరెళ్తానంటే కుదరదన్నాను. పరీక్షలయ్యాక చూద్దామనో, నాన్ననడగమనో తప్పించుకోలేదు. “అమ్మమ్మా, ఆప్ బహుత్ బురీ హో!” అని, నేను చాలా చెడ్డదాన్నని అరిచి, తలుపు విసిరికొట్టింది. కొట్టనీ. తనకు కోపం తెచ్చుకోవడానికి నేను ఎదురుగా ఉన్నాను. తప్పు తన చేతుల్లో వెతుక్కోదు.

రోజూ సాయంత్రం దీపం పెట్టి, నాకు మేలు చేసిన వాళ్లందరినీ ఒక్కొక్కరినే తలచుకుంటాను. పెదనాన్న నేర్పిన వెదురు పనికి దణ్ణం పెడతాను. ఆ కొండగాలికి పెడతాను. ఆయన్ని క్షమించానన్న మాట మాత్రం ఇంతవరకూ అనలేదు. అనాలని నోటిదాకా వస్తుంది. కానీ దేవుడి ముందు కూర్చుని, నిజం కాని మాట ఎలా చెప్పను?