మెదడు మీటింగుల్లో మా నాయన

డాక్టరు చెప్పే ఉపన్యాసం నాకు మొత్తం నోటికి వచ్చు. మెదడును బాగా చూసుకోవడం ఎలాగో చెప్పడానికి ఆయన మా చుట్టుపక్కల ఊళ్లలో పెట్టిన మీటింగులకు దాదాపు అన్నిటికీ పోయాను. రోజూ నడవండి, బీపీ, షుగరు అదుపులో పెట్టుకోండి, నిద్ర చెడగొట్టుకోవద్దు, నలుగురితో మాట్లాడుతూ ఉండండి. చివర్లో గొంతు కాస్త పెంచి, ఇంట్లో పెద్దవాళ్లకు మరుపు మొదలైతే దాచిపెట్టకండి, వెంటనే తీసుకురండి అనేవాడు. ఆ మాట ప్రతిసారీ ముందు వరుసలో కూర్చుని విన్నాను. విన్నాను గానీ చెవిన పెట్టలేదు.

మాది ధర్మవరం. పట్టుచీరల కొంగులకు కుచ్చులు వేయడం నా పని. మా అమ్మ పోయాక నాయన నా దగ్గరే ఉంటున్నాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. నేను కుచ్చులు ముడేస్తుంటే ఎదురుగా చేరి, సాయం చేస్తానని దారాలన్నీ చిక్కుపెట్టేవాడు. నేను కసురుకునేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది ఆయన దగ్గర నుంచి వచ్చిందే.

మొదటి మీటింగు మా ఊరి కల్యాణ మండపంలో జరిగింది. కాసేపు దారాల జోలికి రాకుండా ఉంటాడని నేనే ఆయన్ను తీసుకుపోయాను. డాక్టరు మాట్లాడుతూ మధ్యలో, మీలో మంచి జ్ఞాపకశక్తి ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నాయన లేచి నిలబడ్డాడు. "నేనుండా సార్" అని వేదిక ఎక్కి, మైకు అందుకుని, తాను తిరిగిన రూట్లలో స్టేజీలన్నీ వరసగా చెప్పాడు. ధర్మవరం, బత్తలపల్లి, ముదిగుబ్బ, కదిరి, నడుమ వచ్చే ప్రతి పల్లె, ప్రతి క్రాసు. ఒక్కటీ తప్పలేదు. తర్వాత కదిరి నుంచి వెనక్కి చెప్పుకుంటూ వచ్చాడు. జనం ఒకటే చప్పట్లు. ఆయనకు శాలువా కప్పారు.

అప్పటి నుంచి డాక్టరు మనుషులు మీటింగు పెట్టినప్పుడల్లా మా ఇంటికి జీపు పంపేవాళ్లు. డాక్టరు ఉపన్యాసం అయ్యాక నాయన భుజం మీద చేయి వేసి, చూడండి ఈ వయసులో ఈయన మెదడు ఎట్లా పనిచేస్తోందో అని చూపించేవాడు. నల్లమాడ మీటింగుకు జనం విపరీతంగా వచ్చారు. ఆ ఏడు వానలు లేక చెనక్కాయ పంట ఎండిపోయి, చేలల్లో ఎవరికీ పని లేదు. డాక్టరు అక్రోట్లు మెదడుకు మంచివంటే, ఒక ముసలామె లేచి, "అవి యాడ దొరుకుతాయప్పా మాకు? చెనక్కాయలు తింటే సాలదా?" అని అడిగింది. డాక్టరు నవ్వి, చాలమ్మా అన్నాడు. "ఈ తూరి అవీ లేవులే" అని ఆమె కూర్చుంది.

మీటింగు అయ్యాక అందరూ నాయన చుట్టూ చేరారు. "ఏమి తింటావన్నా నువ్వు?" అని అడిగారు. "సంగటే. తినింది అరిగేదాకా బస్సులో ముందుకూ ఎనక్కూ నడిసినాను, అంతే" అన్నాడు. కొన్నాళ్లకు ఆ ఊళ్లో ముసలివాళ్లు పొద్దున్నే అరుగుల మీద కూర్చుని, మెదడుకు మంచిదని బస్సు స్టేజీలు బట్టీ పడుతున్నారని తెలిసింది. నాయన ఆ వార్త మా వీధిలో చెప్పని ఇల్లు లేదు.

నాకూ బాగానే ఉండేది. కుచ్చులామె అని పిలిచేవాళ్లంతా ఆ పెద్దాయన కూతురు అనడం మొదలుపెట్టారు. నేను పోతే ముందు వరుసలో కుర్చీ వేసేవాళ్లు. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఒప్పుకోకుండా మిగతాది చెప్పలేను.

శింగనమలలో నాయన మొదటిసారి ఆగిపోయాడు. ముదిగుబ్బ దాకా వచ్చి, మైకు పట్టుకుని అట్లే నిలబడ్డాడు. నేను తర్వాతి ఊరి పేరు చప్పుడు లేకుండా పెదాలతో పలికాను. ఆయన నా వైపు చూసి అందుకున్నాడు. ఎవరూ కనిపెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో, "మైకు సరిగ్గా లేదమ్మా ఆడ" అన్నాడు. అవును నాయనా అన్నాను. డాక్టరు అదే జీపులో ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది.

చెప్పలేదు. దానికి బదులు ప్రతి ఉదయం కుచ్చులు వేస్తూ ఆయన చేత స్టేజీలు వల్లె వేయించాను. అట్లా రెండేళ్లు నడిపాను. ఆ రెండేళ్లలో డాక్టరు మైకులో చెప్పే లక్షణాలన్నీ ఒక్కొక్కటే మా ఇంట్లోకి వచ్చాయి. తిని చేయి కడుక్కున్న వెంటనే, "అన్నం పెట్టమ్మా" అనేవాడు. "ఇప్పుడే కదా తింటివి, ఎన్నిసార్లు చెప్పాల నీకు?" అని అరిచేదాన్ని. ఆయన భయపడి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఒకరోజు బస్టాండు నుంచి ఇంటికి దారి తెలియక తిరుగుతుంటే ఆటో అతను తెచ్చి దింపాడు. వయసు మీద పడింది కదా అని వీధిలో వాళ్లకు నేనే సర్దిచెప్పాను. డాక్టరుకు తెలిస్తే మీటింగులు ఆగిపోతాయి. ఆగిపోతే ఆయన మళ్లీ ఎవరికీ అక్కరలేని మనిషి అవుతాడు. ఆయన కోసమే దాస్తున్నానని అనుకున్నాను. నా కుర్చీ కోసం కూడా దాచాను.

పుట్టపర్తిలో పెద్ద హాలు. నాయన పేరు పిలిచారు, వేదిక ఎక్కాడు, మైకు చేతికిచ్చారు. నేను మొదటి ఊరి పేరు పలికాను. ఆయన నా వైపు చూడలేదు. మైకు డాక్టరు చేతికి తిరిగిచ్చి, మెట్లు దిగి, కుర్చీల నడుమకు వచ్చాడు. మొదటి వరుసలో ఒకాయన దగ్గర ఆగి, "యాడికప్పా?" అని అడిగాడు. ఆయన నవ్వుతూ, "కదిరికి" అన్నాడు. "ముందుకు జరగండప్పా, ముందుకు జరగండి. లోపల ఖాళీ ఉండాది" అంటూ నాయన వరుస వెంబడి పోయాడు. జనం పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. కొందరు సరదాగా కుర్చీలు కూడా జరిపారు. డాక్టరు కూడా మొదట చప్పట్లు కొట్టాడు. నాయన మాత్రం నవ్వడం లేదు. నుదుటి మీద చెమట. ఎవరూ లేచి ముందుకు పోవడం లేదని ఆయనకు నిజంగానే కోపం వస్తోంది. డాక్టరు చేతులు ఆగిపోయాయి. ఆయన నాయన్ను చూడలేదు, నన్ను చూశాడు.

డాక్టరు నాయన్ను పక్క గదిలో కూర్చోబెట్టి ఏవో ప్రశ్నలు అడిగాడు. తర్వాత నన్ను, "ఎప్పటి నుంచమ్మా?" అన్నాడు. రెండేళ్లు సార్ అన్నాను. "నా మీటింగులన్నిటికీ వచ్చారు కదమ్మా" అన్నాడు. తిట్టుంటే నేనూ ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని.

అనంతపురంలో స్కానింగు తీయించాము. మాత్రలు రాశారు. ఈ దశలో ఇవి పెద్దగా పనిచేయవనీ, మొదట్లోనే వచ్చుంటే మరుపు ముదరడం కొంతకాలం నెమ్మదించేదేమో, ఖాయంగా చెప్పలేననీ డాక్టరు అన్నాడు. ఆ 'ఏమో' నాకు రోజూ పొద్దున లేవగానే గుర్తొస్తుంది. జీపు రావడం మానేసింది. ఇప్పుడు నాయన కొన్ని రోజులు నన్ను గుర్తుపడతాడు, కొన్ని రోజులు అక్కా అని పిలుస్తాడు. తగ్గుతుందన్న ఆశ నాకు లేదు, ఎవరూ ఇవ్వలేదు కూడా.

పోయిన వారం ఒక ఉదయం ఆయన తేటగా ఉన్నాడు. నన్ను పేరు పెట్టి పిలిచాడు, కాఫీలో చక్కెర తక్కువైందన్నాడు. ఈరోజైనా చెప్పేద్దామని పక్కన కూర్చున్నాను. తీరా నోరు తెరిచేసరికి, 'నీకు' అనే మాట నోట రాలేదు.

"నాయనా, ఒకామె ఉండాది. వాళ్ల నాయనకు మరుపు మొదలయిందని తెలిసీ, రెండేండ్లు డాక్టరుకు చెప్పకుండా దాచిపెట్టింది" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"తప్పు చేసిందమ్మా ఆమె. దాచిపెట్టొద్దండి, బిన్నా తీస్కరండి అని డాక్టరు సారు మీటింగు మీటింగులో అదే కదా చెప్తాండేది. ఒక్కసారన్నా ఆమెను పిలుచుకోని పోయింటే బాగుండు మనం" అన్నాడు. గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఇప్పుడెట్లుండాడు ఆయప్ప?" అని అడిగాడు.

"బాగలేడు నాయనా" అన్నాను.