నీళ్ళు దిగే చిల్లులు

ముగ్గురు మెకానిక్కులు తుక్కు కింద తేల్చేసిన లారీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెప్పించడం అతని మొదటి గెలుపు. అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. వేసవంతా బండి కింద వెల్లకిలా పడుకుని తుప్పు గీకాడు. ఎర్రపొడి కళ్ళలో పడితే తిట్టుకున్నాడు, మళ్ళీ గీకాడు, రంగేశాడు. తనిఖీ అధికారి సుత్తితో కొడితే ఛాసిస్ గంటలా మోగింది. అక్కడితో ఆగాడా? ఉప్పు లోడు తోలే బండి నాలుగు వానలకే నేల కరుస్తుందన్నవాళ్ళ కళ్ళముందే దాన్ని ముప్ఫై ఏళ్ళు తిప్పాడు. దారిలో ఏనాడూ ఇంకో బండి చేత లాగించుకోలేదు. అతనుండే వీధిలో చిన్నాపెద్దా అందరికీ అతను ఉప్పు మామ.

భార్య ఉన్నన్నాళ్ళూ బండి కింద ఆవిడ దీపం పట్టేది, ఆవిడ తమ్ముడు బ్రష్షు పట్టేవాడు. ఆవిడ పోయిన ఏడాదే బావాబావమరుదులకు చెడింది. ఛాసిస్ దూలాలు లోపల బోలుగా ఉంటాయి. చేరిన నీరు దిగిపోవడానికి అడుగున వేలు పట్టేంత చిల్లులుంటాయి. ఉప్పుమడుల దారిలోని ఉప్పునీరు వాటిలోంచే పైకెక్కుతోందని మామ అనుమానం. ప్రతి చిల్లులోనూ చెక్కముక్క దిగగొట్టి, పైన తారు పూశాడు.

"మరి పైనుంచి కారిన నీళ్ళు ఎటు పోతాయి బావా?"

"నిన్నగాక మొన్నొచ్చావు, నాకు నేర్పుతావా?"

బావమరిది సంచి సర్దుకున్నాడు. వేరే ఊళ్ళో వెల్డింగ్ షెడ్డు పెట్టుకున్నాడని తర్వాత ఎవరో చెప్పారు.

అప్పట్నించీ మామ ఒంటరివాడు. దీపాన్ని తీగతో ఇరుసుకు వేలాడదీసుకునేవాడు. పని మీద ధ్యాస పడితే "కొంచెం ఎడమకి" అనేవాడు. దీపం కదిలేది కాదు. అప్పుడు గుర్తొచ్చి, తనే చెయ్యి చాచి జరుపుకునేవాడు.

ఈసారి తనిఖీ ఇరవయ్యో తేదీన. అందులో తప్పితే బండి నేరుగా తుక్కు దుకాణానికే. మామ ఎప్పటిలాగే సుత్తితో తట్టుకుంటూ ముందు నుంచి వెనక్కి పాకాడు. అంతటా గణగణమన్న దూలం వెనక చక్రం దగ్గరకొచ్చేసరికి, తడిసిన అట్టను కొట్టినట్టు మూగగా పలికింది. తారు గీకి చెక్కముక్క ఊడబెరికాడు. లోపల నిలవున్న నీరు ఎర్రగా, నల్లగా బొళబొళా అతని గుండెల మీద పడింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకున్నా లేవలేదు. అలాగే పడుకుని దీపం వంక చూస్తూ ఉండిపోయాడు.

చుట్టుపక్కల వెల్డర్లు "అమ్మేసుకో మామా" అని చేతులెత్తేశారు. ఇక మిగిలింది ఒక్కడే. మామ ఫోను తీశాడు, జేబులో పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"ఎవరూ?"

"నేనేరా."

"బతికే ఉన్నావన్నమాట!"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. బండికే బాగాలేదు."

"ఆ చిల్లులు మూసే ఉంచావా?"

మామ గొంతు సవరించుకున్నాడు. "ఇందాకే తీశాను. సగం బకెట్ నీళ్ళు నా మీదే పడ్డాయి."

"అక్కయ్యుంటే మిగతా సగం తను పోసేది!" బావమరిది పగలబడి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఖాళీ బండి మెల్లగా తోలుకురా బావా. కుళ్ళింది కోసి కొత్త ప్లేటు వేద్దాం. కానీ పక్కన ఇంకో మనిషుండాలి. నువ్వే ఉండు."

"నేనేం చెయ్యాలి?"

"దీపం పట్టుకో. అక్క పట్టినట్టు, కదలకుండా."

మర్నాడు పొద్దున్నే మామ గదికి తాళం వేసి, బట్టల సంచి సీటు మీద పెట్టాడు. ఎదురుగా టీకొట్టు ఆవిడ గ్లాసులు కడుగుతూ తలెత్తింది.

"సంచి కూడా సర్దావే! మళ్ళీ ఎప్పుడొస్తావు మామా?"

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళాడో, ఎన్నిసార్లు వచ్చాడో. ఆ మాట అడిగినవాళ్ళే లేరు. మామ బండి తలుపు మీద చెయ్యేసి వెనక్కి తిరిగాడు.

"పద్దెనిమిదో తేదీన," అన్నాడు.