మునెప్ప క్యాసెట్టు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. మదనపల్లెలో కంప్యూటర్ నేర్పించి బతికినవాణ్ణి. యంత్రంలో ఏది వేస్తే అదే బయటికొస్తుందని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ మాట చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది.

మా నాయన పుంగనూరు చుట్టుపక్కల వీధినాటకాలు ఆడే జట్టుకు పెద్ద. రాజు వేషం ఎప్పుడూ ఆయనదే. రాణి వేషం కుప్పం మునెప్పది. రాణి రాజును శపించే పద్యం మునెప్ప ఎత్తుకుంటే జనం రాజును మరిచిపోయేవాళ్ళు. నాయనకు అది గిట్టలేదు. గొంతు పాడైందని సాకు చెప్పి, తొంభైల్లో అతన్ని జట్టులోంచి తీసేశాడు.

మునెప్ప పద్యాలున్న ఒకే ఒక్క క్యాసెట్టు మా ఇంట్లో ఉండిపోయింది. దాని మీద ఎవరూ మళ్ళీ రికార్డు చేయకుండా అతను వెనకవైపు రెండు ప్లాస్టిక్ రేకులూ విరిచి ఉంచాడు. నాయన చెప్పాడని, ఆ సందుల్లో బస్సు టికెట్లు మడిచి కుక్కింది నేనే. నాయన తన పద్యాలు దాని మీద పాడి రికార్డు చేసుకున్నాడు.

మునెప్ప రెండుసార్లు వచ్చాడు. "నా గొంతు ఆ ఒక్కదాంట్లోనే ఉండాదన్నా. యాడ పెట్టినావో సూడు" అని బతిమాలాడు.

"యాడో పోయింది, పోప్పా" అన్నాడు నాయన. పక్కనే ఉండి కూడా నేను నోరు మెదపలేదు.

రెండోసారి మునెప్ప గడప దిగుతూ, "నా గొంతు మింగినోడి గొంతు నిలవదు, సూస్తాండు" అన్నాడు. తర్వాత కొన్నాళ్ళకే పోయాడు.

రెండువేల సంవత్సరం దాటాక నాయనకు గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇక ఆయన గొంతు ఆ క్యాసెట్టులోనే మిగిలింది. దాన్ని సీడీ చేసి పెట్టమని పలక మీద రాసి చూపాడు.

ఆదివారం, పగలు పదకొండు గంటలు. టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపాను. మైకు లేదు, బయటి గొంతు అందులో పడే వీల్లేదు. స్పీకర్లలో నాయన పద్యాలు చక్కగా వినిపించాయి. ఆయన కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు.

అయ్యాక ఫైలు తెరిస్తే మునెప్ప గొంతు. రాణి శాపం, మొదటి నుంచి.

పాత రికార్డింగు అడుగున మిగిలిందేమో అనుకుని, క్యాసెట్టు వెనక్కి తిప్పి టేప్‌రికార్డర్‌లోనే పెట్టాను. రెండు వైపులా బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడే విన్న నాయన గొంతు ఎక్కడా లేదు.

ఫైలు మళ్ళీ పెట్టమని నాయన సైగ చేశాడు. శాపం అవగానే నాటకంలో రాజు జవాబు పద్యం ఎత్తుకోవాలి. హార్మోనియం ఒకే శ్రుతి పట్టి నిలిచింది. అలవాటు కొద్దీ నాయన నిటారుగా లేచి కూర్చుని నోరు తెరిచాడు. గాలి వచ్చింది, అంతే. శ్రుతి ఆగలేదు. ఆయన నోరు మూసేదాకా మోగి, మూయగానే శాపం మళ్ళీ మొదలైంది.

నాయన ఇప్పుడు లేడు. ఆ ఫైలు సంగతికి తెలిసినవాళ్ళు ఏవేవో కారణాలు చెప్పారు, ఒక్కటీ అతకలేదు. నాకూ ఏమీ తెలియదు. భయం కన్నా సిగ్గే ఎక్కువ నాకు.

ఆ ఫైలు ఇంకా నా దగ్గరుంది. ఎప్పుడు పెట్టినా శాపం అయ్యాక హార్మోనియం శ్రుతి పట్టి రాజు పద్యం కోసం ఎదురుచూస్తుంది. అప్పుడు నేను నోరు గట్టిగా మూసుకుంటాను.